మంత్రిగారు చూపించిన మనిషి

ప్రభుత్వాసుపత్రి వెనకవైపు, మార్చురీకీ జనరేటర్ షెడ్డుకీ మధ్య ఒక పెద్ద రేకుల హాలు ఉండేది. ఆసుపత్రిలో ఎవరి కింద ఏ దుప్పటి పరిచినా అది చివరికి ఆ హాలుకే చేరేది. దాన్ని లాండ్రీ అనేవాళ్ళు. ఆవిరక్క పెళ్ళయిన కొత్తలో అందులో చేరి, జుట్టు నెరిసేదాకా అక్కడే ఉంది. బాయిలర్ పక్కన నిలబడీ నిలబడీ మాటకి కూడా ఆ వేడే పట్టుకుందని తోటివాళ్ళు ఆవిడకి ఆ పేరు పెట్టారు. కొత్తగా చేరినవాళ్ళెవరైనా నెత్తుటి మరకల దుప్పటిని చన్నీళ్ళలో నానబెట్టకుండా వేడినీళ్ళ తొట్టిలో వేయబోయారా, ఆవిడ గొంతు ఆపరేషన్ థియేటర్ దాకా వినబడేది.

ఆ హాల్లో ఒక పద్ధతి ఉండేది. ఆరిన దుప్పటిని ఒక్కరే మడవకూడదు. ఇద్దరు చెరోవైపూ కొసలు పట్టుకుని, గట్టిగా ఒక్క దులుపు దులిపి, ఎదురెదురుగా నడిచొచ్చి కొసలు కలపాలి. ఒక్కరే మడిస్తే అంచు నేలకి తగులుతుంది. నేలకి తగిలింది మళ్ళీ తొట్టిలోకే. అందుకని అందరికీ జోడీలుండేవి. ఆవిరక్క జోడీ ఒక పొట్టి మనిషి. వరసకి ఒకరికొకరు ఏమీ కాకపోయినా, వదినా అంటే వదినా అనుకునేవాళ్ళు. పిల్లల జ్వరాలూ, అత్తగార్ల మీద ఫిర్యాదులూ, మొగుళ్ళ మీద అలకలూ అన్నీ ఆ దుప్పటి కొసల మధ్యే వెళ్ళబోసుకున్నారు.

ఇంతలో ఆర్థిక మంత్రిగారికి దేశాన్ని బాగుచేద్దామన్న బుద్ధి పుట్టింది. ప్రభుత్వం ఖర్చు తగ్గించాలన్నారు. పాపం, ఎక్కడెక్కడ ఎంత వృథా అవుతోందోనని కళ్ళు చిట్లించుకుని మరీ వెతికారు. ఆయన కారు వెనకాల వచ్చే కార్లు కనబడలేదు, వెనకాల వస్తాయి కదా మరి. ఆయన బంగళాకి ఏటా వేసే కొత్త రంగులు కనబడలేదు, వాటి మధ్యే ఉంటారాయె. లాండ్రీ మాత్రం ఠక్కున కనబడింది. దుప్పట్ల పని కాంట్రాక్టరుకి అప్పగించి, హాలుకి తాళం వేసి, ఆడవాళ్ళకి తలా ఒక వాషింగ్ మెషీన్ చేతిలో పెట్టి, "ఇకమీదట మీరు పనివాళ్ళు కాదు, యజమానులు" అని సెలవిచ్చారు. యజమాని అయిన నెల నుంచే ఆవిరక్క ఇంటికి జీతం రావడం మానేసింది.

ఆవిడ ఉండేది మూడో అంతస్తులో. అక్కడికి కుళాయి నీళ్ళు ఎక్కడమే గగనం. మెషీన్ ఒక్కసారి తిరిగి, గురగురమని మూలిగి, నీళ్ళు చాలక ఆగిపోయింది. దాని నెత్తిన టీవీ పెట్టారు. అత్తగారు ఇంకొంచెం తెలివైన మనిషి. గాలి ఆడుతుందని దాని కడుపులో ఉల్లిపాయలు పోసుకుంది.

అదీ పరిస్థితి. అలా ఉండగా ఒకరోజు మంత్రిగారి పీఏ మెట్లెక్కి వచ్చాడు. ముందు సెంటు వాసన వచ్చింది, తర్వాత మనిషి వచ్చాడు. పార్లమెంటులో బడ్జెట్ మీద చర్చ దగ్గర పడింది. కాంట్రాక్టరు దుప్పట్లు తడితడిగా వస్తున్నాయనీ, రోగులు ఇంటి నుంచే దుప్పట్లు తెచ్చుకుంటున్నారనీ ప్రతిపక్షం వాళ్ళు పట్టుకున్నారు. వాళ్ళ నోరు మూయించడానికి మంత్రిగారికి బాగుపడ్డ మనిషి ఒకరు అర్జంటుగా కావాలి.

"మీ కింద ఎంతమంది పనిచేస్తున్నారమ్మా?" అన్నాడు పీఏ.

"నా కిందా? ఈ ఇంట్లో అందరి కిందా పనిచేసేది నేనే."

"అదే, ఇంట్లో మొత్తం ఎంతమంది?"

"మా ఆయన, మా అత్తగారు, ఇద్దరు పిల్లలు."

"నలుగురికి ఉపాధి" అని ఫోన్లో ఎక్కించుకున్నాడు. మెషీన్‌లో ఉల్లిపాయల్ని వంగి చూశాడు గానీ, దాని గురించి ఏమీ ఎక్కించుకోలేదు.

తర్వాత అసలు సంగతి చెప్పాడు. సందర్శకుల గ్యాలరీలో కూర్చోవాలి. మంత్రిగారు ఆవిడ కథ చెప్పి చెయ్యి చూపించగానే లేచి నిలబడాలి. నోరు మాత్రం విప్పకూడదు, గ్యాలరీలో మాట్లాడితే బయటికి పంపేస్తారు.

"నిలబడితే నాకేంటి?"

పీఏ గొంతు తగ్గించాడు. "ఆసుపత్రి బట్టల గదిలో ఒక పోస్టు ఉంది. కాంట్రాక్టరు తెచ్చినవి చూసుకుని మడిచి సర్దడమే. పాత జీతం. పర్మనెంటు."

ప్రభుత్వోద్యోగం అక్కర్లేదని సాక్ష్యం చెబితే ప్రభుత్వోద్యోగం ఇస్తారట! ఈ తెలివి రావాలంటే ఎంత పెద్ద చదువులు చదవాలో. ఆవిరక్కకి ఆ వింత బోధపడకపోలేదు, నవ్వు కూడా వచ్చింది. కానీ జీతం అన్న మాట చెవిన పడేసరికి కాళ్ళలో బలం వచ్చినట్టయింది. ఆ ఉద్యోగం ఆవిడకి కావాలి. ఆకలికి అన్నం ఎలా కావాలో అలా కావాలి.

"ఒక్క పోస్టేనా? ఒక్కదాన్నీ దుప్పటెలా మడవను?" అంది.

పీఏ పకపకా నవ్వాడు. "ఏముందమ్మా, దుప్పటే కదా!"

కబురు ఆ సాయంత్రానికే పొట్టి వదిన చెవిన పడింది. ఆవిడ రోజూ పొద్దున్నే ఆసుపత్రి గేటు దగ్గరికి వెళ్ళి, లాండ్రీ మళ్ళీ తెరుస్తారా అని అడిగి, వాచ్‌మన్ చేత కసిరించుకుని వచ్చే మనిషి. మెట్ల మలుపు దగ్గర నిలబడి, "వెళ్ళు వదినా, వెళ్ళు. మేమంతా చల్లగా ఉన్నామని కూడా చెప్పు" అని దిగిపోయింది. మళ్ళీ ముఖం చూపించలేదు.

చర్చ రోజు ఆవిరక్క తన దగ్గరున్న మంచి బట్టలు కట్టుకుని గ్యాలరీలో కూర్చుంది. కింద సభలో కొందరు కునికిపాట్లు పడుతున్నారు, కొందరు ఫోన్లు చూసుకుంటున్నారు, దేశాన్ని ఎవరు చూస్తున్నారో తెలియదు. గ్యాలరీలో అందరూ కూర్చోవాలి, డ్యూటీ మీదున్న గార్డు మాత్రం నిలబడాలి. ఆ గార్డు నీలం కోటు వేసుకున్న ఆడమనిషి, సరిగ్గా ఆవిరక్క పక్కనే నిలబడింది.

"కాళ్ళు పీకవా అమ్మా?" అంది ఆవిరక్క రహస్యంగా.

"పీకుతాయండీ. పర్మనెంటు ఉద్యోగం కదా, ఓర్చుకుంటాం."

మంత్రిగారు లేచారు. వృద్ధి రేటన్నారు, క్రమశిక్షణన్నారు, పొదుపన్నారు. పొదుపు గురించి అంతసేపు అంత ధారాళంగా మాట్లాడటం ఆయనకే చెల్లింది. చివరికి ప్రతిపక్షం బెంచీల నుంచి ఒకాయన లేచి, "అవన్నీ సరే, ఆసుపత్రి లాండ్రీ మళ్ళీ తెరుస్తారా లేదా?" అని అడిగాడు.

"తెరిస్తే వచ్చేదెవరండీ?" అన్నారు మంత్రిగారు. "ఆ ఆడవాళ్ళలో ఒక్కరు కూడా ఆ చాకిరీకి తిరిగి రారు. బతిమాలినా రారు! వాళ్ళిప్పుడు యజమానులు. నలుగురికి ఉపాధి ఇస్తున్న ఒక సోదరి ఇక్కడే, గ్యాలరీలో ఉన్నారు. వాళ్ళందరి తరఫునా లేచి నిలబడమ్మా!"

ఈ మాట ఒప్పందంలో లేదు. తన కథ చెబుతారన్నారు గానీ, అందరి తరఫునా అనలేదు. ఆవిరక్క బెంచీ అంచు పట్టుకుని సగం లేవబోయిందల్లా ఆగిపోయింది. గేటు దగ్గర వాచ్‌మన్ ముందు నిలబడ్డ పొట్టి వదిన కళ్ళ ముందు మెదిలింది. తను లేస్తే ఆ గేటు మూసేది తనే. తలుపు దగ్గర్నుంచి పీఏ లెమ్మని చేతులు తెగ ఊపుతున్నాడు. గార్డు అది చూసి వంగి, "లేవండి, మిమ్మల్నే" అంది.

"లేవను."

గార్డు బిత్తరపోయి మళ్ళీ నిటారుగా నిలబడింది. మంత్రిగారు అప్పుడే తల పైకెత్తి చూశారు. ఆవిరక్క ముఖం ఆయన ఏనాడూ చూసింది లేదు. గ్యాలరీలో ఒక ఆడమనిషి నిలబడి ఉంది, ఆయనకి అంతే చాలు.

"చూశారా! నిన్న మురికి దుప్పట్లు పిండిన మనిషి, ఇవాళ కోటు వేసుకుని నిలబడింది!"

బల్లలు దద్దరిల్లాయి. కునికిపాట్లు పడుతున్నవాళ్ళు కూడా ఉలిక్కిపడి లేచి బల్లలు చరిచారు. ఏం చేయాలో తోచక గార్డు చెయ్యి కొంచెం ఊపింది. ప్రభుత్వోద్యోగం ఎవరికీ అక్కర్లేదనడానికి సాక్ష్యంగా ఒక పర్మనెంటు ప్రభుత్వోద్యోగిని సభ అంతా అభినందించింది. పీఏ తల పట్టుకున్నాడు. చుట్టూ చూశాడు. తర్వాత తనూ చప్పట్లు కొట్టాడు.

బయట వరండాలో, "ఆ పోస్టు సంగతి ఇక మరిచిపోండి" అన్నాడు పళ్ళు కొరుకుతూ.

"మీ పని జరిగిపోయిందిగా. నేను కాకపోతే ఏం, మీకు ఎవరైనా ఒకటే" అని ఆవిడ మెట్లు దిగింది. అన్నదే గానీ, బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. ఉద్యోగం పోయిందనే ఏడ్చింది, అందులో దాచడానికేముంది.

ఇంటికి వచ్చేసరికి మెషీన్ మీద టీవీలో అదే వార్త తిప్పి తిప్పి చూపిస్తున్నారు. అది చూసి వచ్చిన పొట్టి వదిన చాప మీద కూర్చుని ఉంది.

"నిన్ను చూపిస్తామని చెప్పి ఎవర్నో చూపిస్తారేమే?" అంది అత్తగారు, కూరలోకి ఉల్లిపాయ కోసం మెషీన్ తలుపు తెరుస్తూ.

"నేను లేవలేదు. ఆవిడ అక్కడ గార్డు అత్తయ్యా. నిలబడటమే ఆవిడ డ్యూటీ."

పొట్టి వదిన నవ్వలేదు. "నీకు బుద్ధుందా వదినా? ఒక్క క్షణం లేచి నిలబడితే నీ సొమ్మేం పోయేది? చేతిదాకా వచ్చింది పోగొట్టుకున్నావు!"

"ఒక్కదాన్నీ దుప్పటెలా మడవను?"

పొట్టి వదిన చాప మీంచి లేచింది. వసారాలో తీగ మీద ఆరిన దుప్పటిని విసురుగా లాగి రెండు కొసలు ఇటు విసిరింది. ఇద్దరూ పట్టుకుని దులిపారు. ఎదురెదురుగా నడిచి వచ్చారు. కొసలు అందుకుంటూ, పొట్టి వదిన తల ఎత్తకుండానే అంది:

"రేపు పొద్దున్నే గేటు దగ్గరికి నువ్వూ రా. ఒక్కరు కూడా రారన్నాడుగా. ఇద్దరం వెళ్ళి అక్కడ నిలబడదాం."