బావ గీయించిన పెన్న ఒడ్డు

మొన్న బెంగళూరులో మనవరాలు నన్నొక ఆటల అంగడికి తీసుకుపోయింది. బల్ల మీద కొండలు, కోటలు, వేలెడంత సిపాయిలు. అంగడి అమ్మాయి నా చేతిలో ఒక సిపాయిని పెట్టి, రూల్స్ తర్వాత, ముందు జరపండి అంది. నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. తాడిపత్రిలో మా అక్క మొగుడు, అదే మా బావ, వచ్చిన ప్రతివాడికీ చెప్పిన మాట అది.

బావకు బండల పాలిష్ ఫ్యాక్టరీ ఉండేది. అప్పట్లో నేనూ వాళ్లింట్లోనే ఉండేదాన్ని. తొంభైల చివర్లో సరుకు అమ్మడానికి బొంబాయి పోయి, అక్కడెవరింట్లోనో ఈ యుద్ధం ఆట చూసి, పిచ్చి పట్టించుకుని వచ్చాడు. వచ్చీ రాగానే పెద్ద బండ మీద గళ్లు గీయించి, రాతి ముక్కలతో సిపాయిలు చేయించాడు. నా కొత్త నీలం జాకెట్ గుడ్డ ఏరైపోయింది. అడిగితే, సైన్యం కోసం ఆ మాత్రం త్యాగం చేయమన్నాడు. తీరా చూస్తే ఆడేవాడు లేడు. దళాలు, ఫిరంగులు, పేజీలకు పేజీలు రూల్స్. వచ్చినవాళ్లు అక్క ఇచ్చిన కాఫీ తాగి జారుకునేవాళ్లు.

అప్పుడు బావ పేర్లన్నీ మార్చేశాడు. నీలం గుడ్డ పెన్న అయింది. రెండు సైన్యాలు ఏటికి అటొకటి ఇటొకటి నిజంగానే ఉన్న రెండు ఊళ్లయ్యాయి. ఫిరంగి పోయి జీపు వచ్చింది. ఇంకేముంది, లారీ డ్రైవర్లు, అంగళ్ల శెట్లు, వాన లేక చేతులు ముడుచుకున్న సేద్యగాళ్లు కూర్చున్నంతలోనే నేర్చేసుకున్నారు. ఆ కరువేళ్లలో నవ్వు వినబడింది మా వరండాలోనే. పెళ్లినాడు కూడా ఈ మనిషి ముఖం ఇంత వెలగలేదని అక్క దెప్పేది.

జనానికి మరీ బాగా అర్థమైపోయింది, అదీ మా ఖర్మ. ఒక సాయంత్రం ఆటలో ఏటి అవతలి ఊరు ఓడిపోయింది. అసలే ఆ రెండు ఊళ్లకూ ఎలక్షన్ల పగ. మరుసటి రోజు ఆ ఊరి పెద్దాయన మనిషి ఒకడు వచ్చి నింపాదిగా కూర్చున్నాడు.

“ఏమప్పా, మా ఊరిని ఓడగొట్టి నవ్వినారంట?”

“అది ఆట అన్నా. రాండి, ఈసారి మీరే ఆడండి. గెలుచ్చారు,” అన్నాడు బావ. అప్పుడూ నేర్పబోయాడు, పిచ్చి మనిషి.

“మేము బండ మీద ఆడేవాళ్లం కాదులే.”

వరండా నిండా బావ దగ్గర నేర్చుకున్నవాళ్లే. అందరూ లేచి చెప్పులు వెతుక్కున్నారు. బావ ఆ ఊరికి పోయి, పెద్దాయన ముందు చేతులు కట్టుకుని తప్పయిందని చెప్పి వచ్చాడు. మా వరండాకు మళ్లీ ఎవరూ రాలేదు. ఆ పెద్దాయన సంగతి సరే, చెప్పులు వెతుక్కున్నవాళ్లు గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అక్క ఆ బండను బోర్లించి పెరట్లో బట్టలుతకడానికి వేయించింది. బావ పోయాడు, పెద్దాయనా పోయాడు. రెండు ఊళ్లూ ఇప్పుడు ఒకే పార్టీ. కాలానికి వాళ్ల పగే అరిగిపోయింది గానీ, ఆ బండ అడుగున బావ గీయించిన గళ్లు ఇంకా అరగలేదు.