తాళం తియ్యని పెట్టెలోంచి దిగిన బ్యాటరీ

మా ఇంట్ల దయ్యాల ముచ్చట మొదలైందంటే నేను లేచి వంటింట్లకు పోయేదాన్ని. భయపడి కాదు, విసుగొచ్చి. నేను తాండూరుల ఒక ల్యాబుల టెక్నీషియన్‌ని. రోజంతా రక్తం శాంపిళ్లు చూసేదాన్ని, దేనికైనా ఒక కారణం ఉంటదనే అనుకుంట. ఇప్పుడు కూడ దయ్యాలున్నయని నేను చెప్తలేను. కోట్‌పల్లి కాడ మాకు జరిగింది జరిగినట్టు రాస్తున్న.

మా ఆయన ప్రభాకర్‌కు తిరుగుడంటే మస్తు ఇష్టం. అందుకే సెకండ్ హ్యాండ్‌ల ఒక చిన్న వ్యాన్ కొన్నడు. ఇద్దరం కలిసి వెనక సీట్లు పీకేసి, ప్లైవుడ్‌తోని మంచం లెక్క కట్టి, మీద ఫోమ్ పరుపు వేసినం. చిన్న గ్యాస్ పొయ్యి, ఒక ఫ్యాను, లైట్లు పెట్టినం. సెలవు దొరికితే అండ్లనే వండుకోవాలె, అండ్లనే పండుకోవాలె అని మా ఆశ.

అన్నీ కుదిరినయ్ గని స్టెప్నీ టైరు, బ్యాటరీ ఎక్కడ పెట్టాల్నో తెల్వక చాన రోజులు పరేషాన్ అయినం.

స్టెప్నీ లోపలుంటే కాళ్లు చాపుకోనీకి జాగ లేదు. అందుకని వెనక డోరుకు బయటి దిక్కు ఇనుప స్టాండు కొట్టించి దానికి బిగించినం. ఆ స్టాండు బోల్టుల కొసలు డోరు లోపలికి కొంచెం పొడుచుకొచ్చినయ్. ఇగ ఫ్యానుకు, లైట్లకు వేరే బ్యాటరీ కావాలె. ఇంజను బ్యాటరీ వాడుకుంటే పొద్దుగాల బండి స్టార్ట్ కాదు. దాని కోసం మందం రేకుతోని ఒక పెట్టె చేయించి, వెనక డోరు దగ్గర ఫ్లోరుకు బోల్టులు వేసి నిలబెట్టినం. గుంతలల్ల ఎగరకుండ బ్యాటరీ మీద ఒక ఇనుప పట్టీ, దానికి నట్లు. ఎవరన్న ఎత్తుకపోతరని పెట్టెకు కొత్త తాళం. వైర్లు బయటికి రానీకి పెట్టె పక్కకు బొటనవేలు పట్టేంత రంధ్రం. ఈ సంగతులు తెలిస్తేనే తర్వాత జరిగింది అర్థమైతది.

వానలు తగ్గినంక ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి బయల్దేరినం. మేమిద్దరం, మా బిడ్డ షారోన్, మా పెద్దమ్మ సువార్తమ్మ. షారోన్ అప్పుడు ఇంకా చిన్నది, బడికి కొత్తగ పోతున్నది. పెద్దమ్మ మా అమ్మకు అక్క, మా తాననే ఉంటది. వయసుల ఉన్నప్పుడు కంది కోతలకు కర్ణాటక దిక్కు పోయి వచ్చేది, కన్నడ మంచిగ మాట్లాడ్తది. ఇప్పుడు మోకాళ్ల నొప్పులు, బిందె కూడ లేపలేదు. కోట్‌పల్లిల మధ్యాహ్నం ఆగి, సాయంత్రానికి అనంతగిరి గుట్ట ఎక్కి, వికారాబాద్‌ల చుట్టాలింటికి పోవాలనుకున్నం.

పెద్దేముల్ దాటినంక రోడ్డు అంత మంచిగ లేదు. బండి ఎగిరెగిరి పడ్డది. వెనక స్టెప్నీ చప్పుడు చేస్తుంటే ప్రభాకర్ బండి ఆపి, దిగి, చేత్తోని ఊపి చూసిండు. గట్టిగనే ఉందన్నడు.

కోట్‌పల్లి ప్రాజెక్టు కాడ నీళ్లకు కొంచెం దూరంల, ఒక చెట్టు నీడకు బండి పెట్టి తిన్నం. తిన్నంక పెద్దమ్మ ఫ్యాను వేసుకొని లోపల పండుకుంది. గాలికని పక్క డోరు తెరిచే ఉంచినం. మేం ముగ్గురం నీళ్ల దిక్కు పోయినం. అక్కడి నుంచి బండి ముందు భాగం కనిపిస్తుండె, వెనక భాగం కనపడదు.

కొంచెం సేపటికి షారోన్ నిద్రొస్తుందన్నది. పెద్దమ్మ పక్కన పండుకోబెడ్దామని బండి కాడికి వచ్చినం.

చెట్టు కింద బ్యాటరీ ఉంది.

డ్రైవర్ సీటు కింద వేసే రబ్బరు మ్యాట్ నేల మీద పరిచి, దాని మీద నిలబెట్టి ఉంది. ఎర్ర టెర్మినల్‌కు మా బండి తుడుచుకునే గుడ్డ చుట్టి ముడేసి ఉంది. దొంగలు పడ్డరనుకున్న. కాని పెద్దమ్మ ముందు సీట్ల నిమ్మళంగ కూసోని ఉంది. మమ్మల్ని చూసి, "ఆ మనిషిని ఎక్కడి నుంచి పిలుచుకొచ్చిన్రు? మంచిగ పని చేసి పోయిండు" అన్నది.

మేమెవర్నీ పిలువలేదు.

ఆమె చెప్పింది ఇది. ఫ్యాను ఆగితే చెమటకు మెలకువ వచ్చిందట. కళ్లు తెరిస్తే ఒకాయన బండ్లనే కూసోని ఉన్నడు. నడీడు మనిషి, ఖాకీ అంగి, మోచేతుల దాక గ్రీజు. "ఏళవ్వ, స్వల్ప ఆ కడి కూడు" అని కన్నడల అన్నడట. లేవమ్మ, జర ఆ పక్కకు కూసో అని. ప్రభాకర్ మెకానిక్‌ను పంపిండనుకొని ఆమె లేచి, మెల్లగ దిగి, ముందు సీట్లకు పోయింది. పనిల పనిగ ఆయన, పాప ఎక్కడున్నదని అడిగిండట. నీళ్ల కాడ ఉన్నదని ఈమె కన్నడలనే చెప్పింది. సరే, అక్కడనే ఉండనియ్యి అన్నడట. వెనక నుంచి ఏదో దించిన చప్పుడైంది. తర్వాత మళ్ల ఆయన ఆమెకు కనపడలేదు.

ప్రభాకర్ ఉరికి వెనక డోరు తెరిచిండు. పెట్టెకు తాళం వేసే ఉంది. తాళం చెవి ప్రభాకర్ జేబుల ఉన్నది. ఇంకొకటి తాండూరుల మా బీరువాల ఉన్నది. తాళం తీసి చూస్తే పెట్టె ఖాళీ. లోపల ఇనుప పట్టీ పడుకోబెట్టి, దాని పక్కన నట్లు కుదురుగ పెట్టి ఉన్నయ్.

అప్పుడు నేను వైరు చూసిన. పెట్టె రంధ్రంలోంచి బయటికొచ్చిన ఎర్ర వైరు మీద ప్లాస్టిక్ చీరుకపోయి లోపలి రాగి మెరుస్తున్నది. ప్రభాకర్ డోరును మెల్లగ దగ్గరికేసి చూసిండు. స్టెప్నీ బరువుకు, గుంతల దెబ్బలకు డోరు కిందికి జారింది. స్టాండు బోల్టు కొస సరిగ్గ ఆ రాగి మీదికి వస్తున్నది. బోల్టు కొసకు కాలిన నల్ల మచ్చ. అంటే ఒక్కసారన్న నిప్పు లేచింది. ఫ్యూజు ఆ జాగ దాటినంక ఉంది కాబట్టి అది ఆపదు. ఫోమ్ పరుపు జానెడు దూరంల ఉంది, గ్యాస్ సిలిండరు పరుపు కింద ఉంది. ఎవరన్న ఎక్కి పండుకుంటే, బండి కొంచెం ఊగినా చాలు, బోల్టు రాగికి తగిలి అంతా అంటుకుంటది.

షారోన్ నా భుజం మీద అప్పటికే నిద్రపోయింది. నేను దాన్ని దించలేదు, అట్లనే పట్టుకొని నిలబడ్డ.

ప్రభాకర్ చుట్టుపక్కల అడిగొచ్చిండు. పడవల కాడి వాళ్లు ఎవర్నీ చూడలేదన్నరు. మేకలు మేపుతున్న ఒకావిడ, మీరొచ్చినంక ఇటు దిక్కు బండి గిట్ల రాలేదు, మనిషి గిట్ల రాలేదు అన్నది.

నేను తీరు తీరుగ ఆలోచించిన. పక్క డోరు తెరిచి ఉంది, ఎవడన్న లోపలికి రావచ్చు, ఒప్పుకుంట. దొంగ వచ్చి, పెద్దమ్మ లేస్తే భయపడి బ్యాటరీ వదిలేసి పోయిండనుకుందాం. దొంగ టెర్మినల్‌కు గుడ్డ ఎందుకు కడ్తడు? మ్యాట్ ఎందుకు పరుస్తడు? మా తాళం నొక్కితే పడ్తది, వేయనీకి చెవి అక్కర్లేదు. కాని తియ్యాలంటే కావాలె. తాళం మీద గీత కూడ లేదు. పెద్దమ్మనే తీసిందనుకుందామంటే, ఆ బ్యాటరీ ఎక్కించేటప్పుడు మేమిద్దరం చెరో దిక్కు పట్టినం.

ఆ దినం అనంతగిరి పోలేదు. బ్యాటరీని తాళ్లతోని ముందట కాళ్ల కాడ కట్టి, వైర్లు విడదీసి, మెల్లగ తాండూరుకు తిరిగొచ్చినం. తర్వాత బోల్టుల కొసలు కోయించి టోపీ నట్లు వేయించినం. పెట్టెను డ్రైవర్ సీటు వెనక్కు మార్చినం. ఫ్యూజు బ్యాటరీ పక్కకే వచ్చింది. స్టెప్నీ బరువు డోరు మీద పడకుండ బంపరు దగ్గర ఇంకో ఆధారం పెట్టించినం.

వ్యాన్ మాకు అమ్మినాయన కర్ణాటక మనిషి. నాకు ఒక అనుమానం వచ్చి, ఫోన్ చేయమని ప్రభాకర్‌ను నేనే పోరిన. ఈ బండి మీద ఎవరన్న డ్రైవర్ పని చేసిండా, ఆయనకేమన్న అయిందా అని. అమ్మినాయన నవ్విండట. బ్రెడ్డు ప్యాకెట్లు వేసుకొని తనే నడుపుకున్నడట, ఎవరికీ ఏమీ కాలేదట. ఆ దారి కూడ మూసుకుపోయింది.

మా పాస్టర్ గారు ఇంటికొచ్చి ప్రార్థన చేసి, దేవుడు దూతను పంపిండమ్మ అన్నరు.  ఆయన పోయినంక పెద్దమ్మ నాతోని మెల్లగ అన్నది, "దూత అయితే చేతులకు గ్రీజు ఎందుకుంటది బిడ్డ? మనిషే. నేను చూసిన గద."

మనిషైతే తాళం ఎట్ల తీసిండు, షారోన్ సంగతి ఆయనకెట్ల తెలుసు, ఎటు పోయిండు? నాకు తెల్వదు. ఎన్ని దిక్కుల నుంచి చూసినా ఇప్పటికీ తెగలేదు. ప్రభాకర్ ఆ ముచ్చట ఎత్తడు, బండి తీసే ముందు మాత్రం వైర్లన్నీ చేత్తోని తడిమి చూసుకుంటడు.

పెద్దమ్మకు ఈ ప్రశ్నలేవీ లేవు. ఆమెకు ఒక్కటే బాధ. అంత పని చేసిన మనిషికి చేతులు కడుక్కోనీకి నీళ్లన్న ఇయ్యకపోతినని.