అత్తమామలకు నేను పెట్టిన చప్పటి విందు

ఒక్క పూట భోజనంతో పెళ్ళాన్ని పోగొట్టుకోబోయి, బతికున్న తల్లికి శోకాలు పెట్టించిన ఘనుణ్ణి మీరెక్కడా చూసి ఉండరు. ఇప్పుడు చూడండి, నేనే.

అప్పట్లో లక్సెట్టిపేటలో బడిపంతులుని. పెళ్ళయి ఏడాది నిండలేదు. వేసవి సెలవుల్లో కరీంనగర్‌లో ఒక ప్రకృతి వైద్యుడి ఉపన్యాసం విన్నాను. "పాలు దూడవి, గుడ్డు కోడిది, మనకేం హక్కు?" అన్నాడాయన. ఆ రోజు నుంచి మాంసం, గుడ్లు, పాలు, పెరుగు, నెయ్యి అన్నీ బంద్. పోపు ఒంటికి వేడట, అదీ బంద్. ఇంటిల్లిపాదికీ ఇదే చట్టం చేశాను. నన్ను కన్న మా అవ్వా, నా భార్య సత్తెమ్మా నోరెత్తకుండా ఒప్పుకున్నారు. నా మాటకారితనానికి నేనే మురిసిపోయాను.

బడులు తెరిచాక, బిడ్డ కాపురం చూడడానికి అత్తమామలు హుస్నాబాద్ నుంచి మొదటిసారి వస్తున్నారని కబురొచ్చింది.

"యాట కొయ్యకున్నా కోడినన్న కొయ్యాలె. నన్ను గీడ ఎట్ల సూసుకుంటున్రో సూద్దామనే మా బాపు వస్తుండు," అంది సత్తెమ్మ.

"ఒక్క పూట తింటే వాళ్ళు గూడ మారుతరు," అన్నాను. అప్పటికి నాకు అంత ధైర్యం ఉండేది మరి.

అవ్వ కొంగు దులుపుకుంది. "గీ తిండి పెట్టి వియ్యపోళ్ళకు నా మొకం సూపియ్య. నువ్వే పెట్టుకో!" అని పెరటి దారిన వెళ్ళిపోయింది.

మధ్యాహ్నానికి వాళ్ళు దిగారు. ముందు పల్లీలు నూరి తీసిన పాలతో పెట్టిన చాయ్ ఇచ్చాను. మామ ఒక గుక్క తాగి, గ్లాసులోకి చూసి, నన్ను చూసి, మిగతాది కషాయంలా మింగాడు. ఎంత పెద్దమనిషో గమనించండి. ఆ తర్వాత విస్తళ్ళు వేశాను. పోపు లేని పప్పు, ఉడికించిన సొరకాయ, నానబెట్టిన పెసలు, అన్నం. పెరుగుకు బదులు నిమ్మకాయ నీళ్ళు.

విస్తరి చూసి అత్త చెయ్యి పెట్టలేదు. మామ మెల్లగా అడిగాడు.

"అక్క ఏది బిడ్డా? కనవడ్తలేదు."

"అవ్వనా... గిట్లనే... గా దిక్కు..." అని నసిగాను. ఎక్కడికి వెళ్ళిందో నాకూ తెలియదు.

మా వైపు ఇంట్లో చావయితే, దినాలు అయ్యేదాకా మాంసం ముట్టరు, తీపి చెయ్యరు, పోపు పెట్టరు. ఇది పసిపిల్లలకు కూడా తెలుసు. ప్రకృతి వైద్యం తలకెక్కిన నాకు మాత్రం గుర్తు రాలేదు. పైగా పొయ్యి దగ్గర సత్తెమ్మ నా మీద కోపంతో ఏడ్చి ఏడ్చి కళ్ళు ఎర్రగా చేసుకుని ఉంది.

అత్తకు అంతా అర్థమైపోయింది. గుండె బాదుకుంటూ శోకం అందుకుంది. "ఓ వదినా! గంత మంచిదానివి, మాతోని ఒక్క మాట చెప్పకపోతివి వదినా!"

"అత్తా, ఎవలు సావలే!"

"మరి గిదేందయ్యా, పోపు లేని పప్పు?"

"పానానికి మంచిది అత్తా!"

మామ లేచి నిలబడ్డాడు. "సావైతే సుట్టాలకు కబురు పెట్టరా? అంటే మేం సుట్టాలం కామా? సత్తీ, బట్టలు సదురుకో బిడ్డా. సావు చెప్పని ఇంటితోని మనకు పొత్తు లేదు."

"అవ్వ మంచిగున్నది మామా, జర నమ్ముండ్రి!"

"అయితే ఒక కోడిని పట్కరా. నా ముంగట తిను, నమ్ముత."

"నేను తిననని ఒట్టు పెట్టుకున్న మామా."

"సూసినవా! మైలల ఉన్నడు!" అన్నాడు అత్తతో. శోకం ఇంకో మెట్టు పైకి వెళ్ళింది.

అప్పుడు నాకు నిజంగా భయమేసింది. సత్తెమ్మ లేని ఆ ఇంట్లో పెసలు నానబెట్టుకుంటూ బతకడం కళ్ళ ముందు కనబడింది. కానీ ఆమె బట్టల పెట్టె వైపు వెళ్ళలేదు. పెరటి గోడ దగ్గరికి పరుగెత్తి, "ఓ అత్తా! జల్ది రా! నిన్ను సంపిన్రు!" అని కేకేసింది.

పక్కింటి గౌరమ్మ వాకిట్లోంచి అవ్వ వచ్చింది. కుడిచేతి వేళ్ళ నిండా కోడికూర పులుసు.

"ఎవలు సచ్చిన్రు?"

"నువ్వే వదినా!" అంది అత్త, ఏడుపు ఆపుకోలేక.

మామ అవ్వను ఎగాదిగా చూశాడు. "మంచిగనే ఉన్నవ్ గదక్కా. మరి గీ గడ్డి తిని మా పిల్ల ఎట్ల బతుకుతుంది?"

"గడ్డి ఎవలు తింటున్రు తమ్మీ? వీడు బడికి పోంగనే అత్తకోడండ్లం గౌరమ్మ ఇంట్ల వండుకొని తింటం. పొద్దుమీకి వీని ముంగట రెండు బుక్కలు మింగి కడుపు నిండిందంటం. పాపం, సంబురపడతడు గదా అని."

మామ నవ్వడం మొదలుపెట్టి, ఆపలేక విస్తరి ముందే కూలబడ్డాడు. గౌరమ్మ కూరకుండ ఎత్తుకొచ్చి మధ్యలో పెట్టింది. నా విస్తట్లో మొదటి ముక్క వేసింది సత్తెమ్మే. ఒట్టు గట్టున పెట్టి తిన్నాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అందరూ కారం అనుకున్నారు. నా పిచ్చిని ఒక్కసారి కూడా ఎగతాళి చెయ్యకుండా, రెండు బుక్కలకే కడుపు నిండినట్టు నటిస్తూ నన్ను సంతోషపెట్టిన ఆ ఇద్దరు ఆడవాళ్ళకు నేను ఈ జన్మంతా రుణపడి ఉన్నాను.

అందుకే పంచభూతాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక చుట్టాలకు పోపు లేని పప్పు పెట్టను. తప్పనిసరై పెట్టవలసి వస్తే, ముందు ఇంట్లో వాళ్ళందరినీ వాకిట్లో వరసగా నిలబెట్టి, బతికే ఉన్నారని చూపించి, ఆ తర్వాతే వడ్డిస్తాను.