ఫైనల్‌కి ముందే లేచి వచ్చేసిన మా అత్త

మా మేనత్త ఇక లేదని పోయిన వారం పొద్దున్నే బావ ఫోన్ చేసి చెప్పాడు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. మా కాలనీ క్యాంప్ వన్‌లో ఆమెను ఎరగని ఇల్లు లేదు. అయితే ఆమె ఒక ఆన్‌లైన్ ఆటలో ఎంత పేరు తెచ్చుకుందో, దాన్ని ఎలా వదిలేసిందో ఆ ఇళ్లలో చాలామందికి తెలియదు. అది చెప్పాలనే ఇది రాస్తున్నాను.

అత్త మా ఊరి స్టీల్ ప్లాంటు టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో పనిచేసి రిటైరైంది. ప్లాంటులో ఏ షాపులో, అంటే ఏ విభాగంలో, ప్రమాదం జరిగినా ముందు ఫోన్ ఎత్తేది ఆమే. అవతలివాళ్లు కంగారుపడుతుంటే, "ముందు ఊపిరి పీల్చుకో బాబూ, తరవాత సెప్పు" అనేదట. రిటైరయ్యాక మోకాళ్ల నొప్పులతో బయటికి వెళ్లడం తగ్గింది. కాలక్షేపానికని నేనే ఆమె ఫోన్‌లో ఆ ఆట పెట్టిచ్చాను. పదిమందీ మాట్లాడుకుంటూ ఒక కోటను కాపాడుకోవాలి. కొన్నాళ్లకే నాగపూర్, ఇండోర్, పాట్నా కుర్రాళ్లు ఆమె గొంతు వింటే తప్ప అడుగు వేయని స్థితికి వచ్చారు. వాళ్లకి ఆమె 'దీదీ', అంటే అక్క. వయసు వాళ్లూ అడగలేదు, ఈమె చెప్పనూ లేదు. మధ్యాహ్నం భోజనం కాగానే మంచమ్మీద కాళ్లు చాపుకుని, "ఎడమవైపు గోడ చూసుకో భయ్యా" అంటూ హిందీలో కోటను నడిపేది.

ఆ టీమ్‌లోకి మా ఊరికి దగ్గర్లోని కుమ్హారి నుంచి ఒక కాలేజీ అమ్మాయి వచ్చింది. బాగా ఆడేది. కానీ ఆమె నోరు తెరిస్తే చాలు, కొందరు వెకిలి మాటలు అనేవారు. అత్త మందలిస్తే ఆ పూటకి ఆగి, మర్నాడు మళ్లీ మొదలుపెట్టేవారు. చివరికి అత్త టీమ్ నాయకుడితో చెప్పింది.

"ఇదంతా చల్తా హై దీదీ, మామూలే. ఆదివారం ఫైనల్ అయిపోనీ, అప్పుడు చూద్దాం" అన్నాడతను.

ఆ ఆట పోటీల్లో వాళ్లు ఫైనల్ దాకా రావడం అదే మొదటిసారి. నేను పక్కనే కూర్చుని ఉన్నాను. అత్త అందరికీ వినబడేలా, "ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పండి. లేకపోతే నేనుండను" అంది. ఎవరో నవ్వారు. ఆమె ఆగి చూసింది. "సరే, అందరూ బాగుండండి" అని టీమ్‌లోంచి బయటికి వచ్చేసింది. ఫోన్ పక్కన పెట్టేసింది.

"ఆదివారం అయ్యాక మానేయొచ్చు కదా అత్తా?" అన్నాను.

"అంతవరకూ ఆ పిల్ల పడుతుండాలేటి? ఏటి మాటలే నీవి!"

తరవాత మధ్యాహ్నాలు ఆమెకి గడిచేవి కావు. టీవీ పెట్టేది, కట్టేసేది. "బెంగగా ఉందా?" అని అడిగితే దాచలేదు. "ఉందే. అంతమంది మాటలు ఒక్కసారిగా ఆగిపోతే ఉండదేటి? బెంగుందని మళ్లీ ఎల్లిపోతానేటి?" అంది.

ఆ టీమ్ ఫైనల్లో ఓడిపోయింది. అత్త సంతోషించలేదు. "పాపం, బాగానే ఆడతారు కుర్రాళ్లు" అంది.

కొద్దిరోజులకి కుమ్హారి అమ్మాయే వెతుక్కుంటూ ఫోన్ చేసింది. తనూ ఆ టీమ్ వదిలేసిందట. ఇద్దరూ కలిసి కొత్త టీమ్ పెట్టారు. పాతవాళ్లలో నలుగురు, ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పాకే, అందులో చేరారు. అత్తను నాయకురాలిగా ఉండమంటే ఒప్పుకోలేదు. "ఇన్నాళ్లూ నేను సెప్పాను. ఇప్పుడు నువ్వు సెప్పు, నేనాడతాను" అని ఆ అమ్మాయినే కెప్టెన్ చేసింది.

అత్త అనగానే నాకిప్పుడు గుర్తొచ్చేది ఆ అమ్మాయి మొదటిసారి ఇంటికి వచ్చిన రోజు. అత్త ఇస్త్రీ చీర కట్టుకుని, మోకాళ్లు లెక్కచేయకుండా సందు మొదట్లో నిలబడింది. తల్లితో ఆటో దిగిన అమ్మాయి, ఈ తెల్లజుట్టావిడను దాటుకుని ముందుకు వెళ్లబోయింది.

"ఇటు రండి, కెప్టెన్!" అంది అత్త హిందీలో.

ఆ గొంతు విని అమ్మాయి గిరుక్కున తిరిగింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని అలాగే ఉండిపోయింది. అత్త నడుం నిటారుగా చేసి, నవ్వాపుకుంటూ, సందంతా చూస్తుండగా ఆ పిల్లకి సెల్యూట్ కొట్టింది.