దీపస్తంభం కింద కయ్య

మొన్న మా మనవరాలు ఒక బొమ్మ చూపించింది. రాత్రిపూట ఆకాశం మీదనుంచి తీసిన భూమి బొమ్మ అట. నల్లగుడ్డ మీద అక్షింతలు చల్లినట్టు ఎక్కడ చూసినా దీపాలే. ఇది నెల్లూరు, ఇది నాయుడుపేట, ఈ నల్లగా ఉన్నదంతా పులికాట్ సరస్సు, దాని అవతల శ్రీహరికోట అని వేలు పెట్టి చెప్పింది. ఎంత బాగుందో చూడు అంది. పిల్ల మనసు నొప్పించడం ఎందుకని బాగుందనే అన్నాను. పైనుంచి చూసేవాళ్ళకు దీపం కనిపిస్తుంది, దాని కింద తాలుపోయిన కయ్య కనిపించదు. వరిమడిని మా వైపు కయ్య అంటాం.

నేను కాపురానికి వచ్చిన రెండో ఏడు మా ఊరికి కరెంటు వచ్చింది. చిట్టమూరు దాటి ఇంకా లోపలికి పోవాలి మా ఊరికి. ముందు పంచాయతీ ప్రెసిడెంటు గారి వడ్లమిల్లుకు వచ్చింది, తర్వాత ఆయన ఇంటికి, ఆ తర్వాత ఆయన వీధికి. మా వీధికి రానేలేదు. ఆయన ఇంట్లో రేడియో ఉండేది. ఆకాశంలో భూమి చుట్టూ తిరిగిన మనిషి ఒకడు, సముద్రాల అవతల ఏదో పట్నం వాళ్ళు తనకోసం దీపాలన్నీ వెలిగిస్తే పైనుంచి చూసి సంబరపడ్డాడని ప్రెసిడెంటు అందులో విన్నాడు. ఆ కథ ఊరంతా తిప్పి తిప్పి చెప్పాడు. మన ఊరు మాత్రం పైవాళ్ళ కంట పడొద్దా అని నాయుడుపేట నుంచి పెద్ద బల్బులు తెప్పించి, ఊరి మొదట్లో రోడ్డు పక్కన ఎత్తైన స్తంభం పాతించి, నాలుగు దిక్కులకూ నాలుగు కట్టించాడు. పొద్దుగూకినప్పటి నుంచి తెల్లవారేదాకా ఆర్పకూడదని మాట.

ఆ స్తంభం పాతింది మా చిన్నత్త కయ్య గట్టు మీద.

చిన్నత్త అంటే మా అత్తగారి చెల్లెలు. మగడు పోయాక పిల్లాజెల్లా లేక ఒంటరిగా మిగిలింది. కయ్య ప్రెసిడెంటు గారిదే, ఈమె కౌలుకు చేసేది. ఆ ఒక్క కయ్య మీదే తన గుడిసెలో తన పొయ్యి వెలిగించుకుంటూ బతికింది. పంట పోతే కౌలు పోతుంది. కౌలు పోతే మా ఇంటి వెనక వసారాలో చాప పరుచుకుని, సొంత అక్క చేతనే మాటలు పడాలి. ఆ సంగతి ఆమెకూ తెలుసు, మాకూ తెలుసు.

వెలుగు మొదలైంది కార్తీకంలో. ఎక్కడలేని ఉసిళ్ళూ, పచ్చపురుగులూ వచ్చి పడేవి. వాటికోసం కప్పలు, కప్పలకోసం పాములు. తెల్లారేసరికి స్తంభం మొదట్లో రెక్కల కుప్ప, కాలు పెడితే జిగట, ఒకటే కంపు. మగవాళ్ళు అక్కడ చేరి పేకాడేవాళ్ళు. ఆకువక్క నమిలి కయ్యలోకే ఉమ్మేవాళ్ళు, లేచి అటు తిరిగి కయ్యలోకే ఒంటికి పోసేవాళ్ళు. పొద్దున్నే నీళ్ళు కట్టడానికి దిగేది మాత్రం చిన్నత్త. నేనేమన్నా తక్కువ తిన్నానా? ఇరుగుపొరుగు ఆడవాళ్ళతో కలిసి చాట పట్టుకుపోయి ఆ వెలుగులోనే రేపటి బియ్యంలో రాళ్ళు ఏరుకునేదాన్ని. నాకూ అది ముద్దుగానే ఉండేది. చెప్పకపోతే అబద్ధమాడినట్టే.

నెల తిరిగేసరికి ఆ కయ్య కళ్ళు జిగేల్మనేటంత పచ్చగా తేలింది. ప్రెసిడెంటు ఎవరో ఆఫీసరును తీసుకొచ్చి, కరెంటు వెలుగుకు పైరు ఎట్లా ఎదిగిందో చూడండని మురిసిపోయాడు. తర్వాత చుట్టుపక్కల కయ్యలన్నీ పొట్టకొచ్చి ఈనాయి, వెన్నులు వంగాయి. చిన్నత్త కయ్య చాలామటుకు ఈనలేదు. రోడ్డు వైపంతా ఆకే, కంకి లేదు. విత్తనం కల్తీ అన్నారు. నీళ్ళు ఎక్కువ పెట్టిందన్నారు. మొగుడు లేనిది చల్లిన విత్తు అట్లాగే ఉంటుందని అన్నది ఎవరో కాదు, మా అత్తగారే. ఇంట్లో కూర్చుని, నా చేత కాళ్ళు పట్టించుకుంటూ.

ఒకరోజు దీపాలు వెలిగాక చిన్నత్త నన్ను కయ్య దగ్గరికి పిలిచింది.

"నీ కళ్ళు మంచివి. అరిచెయ్యి చూసుకుంటా గెనిమ మీద నడువు. గీతలు కనపడకపోతే ఆడ నిలబడు" అంది.

స్తంభం దగ్గర మొదలుపెట్టి గట్టు మీద నడిచాను. చేతి గీతలు మసకబారి ఇక కనిపించని చోట ఆగాను. ఆమె వంగి పైరును తడిమింది. నాకు ఇవతల, స్తంభం వైపు, ఒట్టి ఆకు, అవతల వెన్ను. మళ్ళీ ఇంకో పక్కనుంచి నడిపించింది. మళ్ళీ అంతే. మూడోసారీ అంతే. గిరి గీసినట్టు వెలుగు ఎంతవరకుంటే అంతవరకు పైరు గొడ్డుపోయింది.

"పసిబిడ్డను నిద్రపోనీకుండా కూర్చోబెడితే ఎట్టా ఎదుగుద్ది? పైరుకీ చీకటి కావాలి మే" అంది. ఆమె గొంతులో సంతోషం విన్నాను. తప్పు తనది కాదని తెలిసిన సంతోషం.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని ప్రెసిడెంటు ఇంటికి పోయింది. ఆయన అరుగు మీద ఉన్నాడు. పక్కన మా మామగారు. మామగారు ఆయన మిల్లులోనే వడ్లు కొలిచే పని చేసేవారు. చిన్నత్త నిలబడే అడిగింది, పది పదిహేను రోజులు ఆ దీపాలు ఆపించమని, ఇప్పుడన్నా చీకటి పడితే మిగిలింది ఈనుతుందని.

"వెలుగుకు పంట చెడిందంటే వినేవోళ్ళు నవ్వుతారమ్మా" అన్నాడాయన.

"నేను చెప్తే నవ్వుతారులే. మా కోడలు చూసినాది, దాన్ని అడుగు నాయనా."

ఆయన నావైపు చూశాడు. మామగారు కూడా చూశారు. నేను కాలి మెట్టెలు చూసుకుంటూ, "నాకు తెలవదు" అన్నాను.

చిన్నత్త మళ్ళీ ఆయనతోనే అంది. "ఆ పైన తిరిగేవోడు మనూరికొచ్చి అన్నం తినేది లేదు నాయనా. తినాల్సినోళ్ళం ఈడుండాం." కొంగు సర్దుకుని వచ్చేసింది.

దీపాలు ఆపలేదు. అందరికీ కోతలొచ్చాయని తూము మూసేశారు. నీళ్ళు లేని కయ్యలో ఆలస్యంగా అక్కడక్కడా నాలుగు వెన్నులు తొంగిచూశాయి. నలిపితే అంతా తాలు, లోపల గింజే లేదు. పశువులకు కోసి వేసింది. ఎండలు ముదరకముందే ప్రెసిడెంటు ఆ కౌలు తీసేసి తన బావమరిదికిచ్చాడు. చిన్నత్త చాప మా వెనక వసారాలోకి వచ్చింది. మా అత్తగారి మాటలూ మొదలయ్యాయి.

ఆ ఏడు నాట్లకు ముందు స్తంభం పెరికి, రోడ్డుకు అవతల ముళ్ళకంపల్లోకి మార్చి, బల్బులు అటు తిప్పి కట్టారు. ఎవరూ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. అంటే తెలుసన్నమాట. చిన్నత్త అరుగు ముందు నిలబడిన రోజే ఆ మనిషికి అర్థమైంది. తలుచుకుంటే ఈనాటికీ ఆయన మీద ఎంత రోతో, మెట్టెలు చూసుకున్న ఆ పిల్ల మీదా అంతే రోత.

బావమరిది సిగ్గులేకుండా మా ఇంటికే వచ్చి, మొలగొలుకుల వరి విత్తనం మిగిలి ఉంటే ఇమ్మని చిన్నత్తనే అడిగాడు. ఇచ్చింది. నాటుకు పిలిస్తే కూలికి పోయింది. తన కయ్యలో తన విత్తనం నారు తనే నాటి వచ్చింది. ఆ ఏడు కయ్య ఈ గట్టు నుంచి ఆ గట్టుదాకా ఒక్కటిగా ఈనింది.

కోత రోజు చిన్నత్త ఒక వెన్ను కొంగులో పెట్టుకొచ్చి వంటింట్లో నా చేతికిచ్చింది. "నలిపి చూడు. ఒక్క తాలుగింజ లేదు. నా విత్తనం మంచిదే" అంది. ముఖం వెలిగిపోతోంది.

నలిపాను. ఊక అరచేతికి గుచ్చుకుంది. ఆ రోజు అరుగు దగ్గర నేనన్న మాట గురించి చెబుదామని నోరు తెరిచాను.

"ఎసరు పొంగతా ఉండాది, చూడు పో" అంది చిన్నత్త, నా చేతిలో గింజలు తన కొంగులోకి వంచుకుంటూ.