చెయ్యి సిస్టరు అరబిక్ చదువు

మా కంటి ఆసుపత్రిలో మా వదిన చేసే పనేమిటని ఎవరైనా అడిగితే, చెయ్యి పట్టుకోవడం అని చెబుతాను. వాళ్ళు నవ్వుతారు. నాకు ఒళ్ళు మండుతుంది.

శుక్లం ఆపరేషన్‌లో మనిషికి పూర్తి మత్తు ఇవ్వరు. కంట్లో చుక్కలు వేసి, మొహం మీద ఆకుపచ్చ గుడ్డ కప్పి, ఆ ఒక్క కన్ను మాత్రం బయటికి వదులుతారు. గుడ్డ కింద మనిషి మెలకువగానే ఉంటాడు, అన్నీ వింటూనే ఉంటాడు. భయపడి తల తిప్పాడా, డాక్టరుగారి చేతిలోని మొన కంటి లోపల ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. అందుకని పక్కన స్టూలు వేసుకుని, రోగి చెయ్యి పట్టుకుని, నెమ్మదిగా మాట్లాడుతూ కూర్చునే మనిషి ఒకరుండాలి. దగ్గో తుమ్మో వచ్చేలా ఉంటే రోగి ఆ చెయ్యి నొక్కుతాడు. వెంటనే ఆ మనిషి "ఆగండి సార్" అంటుంది. ఆ మనిషే మా వదిన. ఆసుపత్రి మొత్తానికీ ఆవిడ చెయ్యి సిస్టరు. అదే థియేటర్లో డాక్టరుగారికి పరికరాలు అందించేది నేను. నాకు ఆ ఉద్యోగం పెట్టించింది కూడా వదినే, ఆ సంగతి నన్ను మరిచిపోనివ్వదు.

అలాంటి వదిన ఉన్నట్టుండి అరబిక్ నేర్చుకుంటానని కూర్చుంది.

కారణం ఒక పెద్దావిడ. పరాయి దేశం మనిషి, అరబిక్ తప్ప ఇంకో ముక్క రాదు. మనవరాలు ఇక్కడి కాలేజీలో చదువుతోంది, తెలుగు గడగడా మాట్లాడుతుంది. ఆ పిల్లే ఆవిడని నడిపించుకుంటూ మా ఆసుపత్రికి తీసుకొచ్చింది. పెద్దావిడకి ఒక కన్ను అప్పటికే పోయింది. ఇంకో ఊళ్ళో, ఇంకో ఆసుపత్రిలో ఆపరేషన్ చేస్తుండగా, మాటలు అర్థం కావాలని ఒక దుబాసీని గోడ పక్కన నిలబెట్టారట. అతను గట్టిగా "కదలకండి" అని ఆవిడ భాషలో అరిచాడు. పాపం, తన భాష వినబడింది కదా అని ఆవిడ ఆ గొంతు వైపు తల తిప్పింది. అంతే, ఆ కంటికి ఇప్పుడు వెలుతురూ చీకటీ తప్ప ఏమీ తెలియదు. రెండో కంట్లో శుక్లం బాగా ముదిరిపోయింది. ఊపిరితిత్తులు బలహీనం కాబట్టి పూర్తి మత్తు ఇవ్వడానికి లేదు.

మా డాక్టరుగారు ఖరాఖండిగా చెప్పారు. "గుడ్డ కింద మనిషికి ఒక్కటే గొంతు వినబడాలి. అది చెయ్యి పట్టుకున్న మనిషి గొంతే అయ్యుండాలి. లేదంటే నేను ఈ కన్ను ముట్టుకోను."

"మనవరాలినే కూర్చోబెడదాం సార్," అన్నాను.

ఆ పిల్ల బెదిరిపోయింది. "నా వల్ల కాదు. నాయనమ్మ ఏడిస్తే నేనూ ఏడుస్తాను."

వదిన పెద్దావిడ చెయ్యి తన చేతిలోకి తీసుకుని బొటనవేలితో నిమురుతోంది. "నేను నేర్చుకుంటాను సార్. అన్నీ కలిపి చూస్తే నేను చెప్పేవి ఓ గుప్పెడు మాటలే కదా," అంది. గుప్పెడు మాటలే! వినడానికి ఎంత సుఖంగా ఉందో.

మొదట ఫోన్లో ఏదో యాప్ పెట్టుకుంది. సాయంత్రం వంటింట్లోకి వెళితే చాలు, కుర్రాడు యాపిల్ తింటున్నాడు, అమ్మాయి దగ్గర పిల్లి ఉంది, ఇవే పాఠాలు. సరిగ్గా చెప్పినప్పుడల్లా ఫోను టింగుమని మెచ్చుకునేది. వదిన మొహం వెలిగిపోయేది.

"ఆపరేషన్ బల్ల మీద యాపిల్ ఎవరు తింటారు వదినా?" అన్నాను.

"ముందు నోరు తిరగాలి కదే."

"నోరు తిరిగేలోపు ఆవిడ కన్ను పోతుంది."

నా మాట కాస్త కటువుగానే ఉంది, కానీ అందులో అబద్ధం లేదు. మర్నాటికి యాప్ మాయమైంది. దాని స్థానంలో మా అన్నయ్య లైబ్రరీ నుంచి మోసుకొచ్చిన ఇటుకంత పుస్తకం వచ్చింది. వదిన కుడి నుంచి ఎడమకి అక్షరాలు దిద్దడం మొదలుపెట్టింది. మా అన్నయ్య పక్కన కూర్చుని ఎంత గుండ్రంగా రాస్తోందో అని మురిసిపోవడం. ఆ దంపతులకి తట్టని సంగతి నేనే చెప్పాల్సి వచ్చింది. గుడ్డ కింద ఉన్న మనిషికి రాసి చూపిస్తావా? అసలు ఆవిడకి కనబడితే ఇక్కడికెందుకొస్తుంది? వదిన పెన్ను కింద పెట్టి నా వైపు గుర్రుగా చూసింది. పుస్తకం వెనక్కి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత దొరికిన వీడియో పాఠాలు మాత్రం నాకూ నచ్చాయి. సూటు వేసుకున్న ఒక పెద్దమనిషి ప్రతి మాటా ముత్యంలా పలుకుతాడు. వెలుతురు వైపు చూడండి, కదలకండి, ఊపిరి పీల్చండి, అన్నీ అందులో దొరికాయి. వదిన వాటిని కంఠతా పట్టింది. గిన్నెలు తోముతూ, బస్సులో కూర్చుని, చివరికి ఇస్త్రీ చేస్తూ కూడా "ఉన్‌జురీ ఇలద్దౌ" అంటూనే ఉంది. వెలుతురు వైపు చూడమని. మా అన్నయ్య చొక్కా కాలింది, అది వేరే కథ.

డాక్టరుగారు పరీక్ష పెట్టారు. ఉత్త బల్ల మీద పెద్దావిడని పడుకోబెట్టి, మొహం మీద గుడ్డ కప్పి, పైన టార్చి వెలిగించి, "ఊఁ, కానివ్వండి" అన్నారు. వదిన చెయ్యి పట్టుకుని, ఆ సూటాయన గొంతు దించేసినట్టుగా చెప్పింది. ఒక్క తప్పు లేదు.

పెద్దావిడ చెయ్యి కట్టెలా బిగుసుకుపోయింది. ఊపిరి బిగబట్టింది. మరుక్షణం గుడ్డ లాగేసుకుని లేచి కూర్చుని, మనవరాలిని కేకేసింది. ఆ గొంతులో భయం నాకు కూడా అర్థమైంది.

మనవరాలు ఆవిడని సముదాయించి మా వైపు తిరిగింది. "సిస్టర్, ఏమీ అనుకోవద్దు. మీరు మాట్లాడింది వార్తల్లో, పుస్తకాల్లో ఉండే అరబిక్. ఇళ్ళలో ఎవరూ అలా మాట్లాడరు. ఏదో ఘోరం జరిగింది, దాన్ని ఎవరో చదివి వినిపిస్తున్నారు అనుకుంది నాయనమ్మ."

అప్పుడు నాకు వెలిగింది. భయంతో వణుకుతున్న మనిషి చెయ్యి పట్టుకుని మనం "కదలవలదు, కాంతిని వీక్షింపుము" అంటే ఎలా ఉంటుంది? ఏ యమదూతో వచ్చాడనుకోరూ?

డాక్టరుగారు టార్చి ఆర్పేశారు. "మంగళవారం ఇంకోసారి చూస్తాను. అప్పుడూ ఇంతే అయితే చెయ్యలేనని చెప్పేస్తాను," అని వెళ్ళిపోయారు. వదిన మొహం చూడలేకపోయాను. ఎన్నాళ్ళుగానో అంత కష్టపడితే చివరికి మిగిలింది ఆవిడని బెదరగొట్టడమే.

కానీ మా వదిన అంత సులువుగా వదిలే రకం కాదు. మనవరాలి వెంట పడింది. "మీ ఇంట్లో, మీ నాయనమ్మతో నువ్వు ఎలా మాట్లాడతావో అలాగే నాకు ఫోన్లో రికార్డు చేసి పంపమ్మా. నాకు ఇంకెవరి అరబిక్కూ వద్దు." ఆ పిల్ల ఆ సాయంత్రమే పంపింది. వెలుతురు వైపు చూడడం ఇందులో "బొస్సీ అన్నూర్" అయింది. పని అయిపోయిందని చెప్పడానికి "ఖలాస్" అంటే చాలట.

"థియేటర్లో ఖలాస్ అంటే పక్క బల్ల మీదవాడు పారిపోతాడు వదినా," అన్నాను. చాలా రోజుల తర్వాత వదిన నవ్వింది.

ఆ రికార్డు మాత్రం పరమ గందరగోళం. వాళ్ళుండేది ఒకే గది. మనవరాలు చెబుతుంటే వెనక పెద్దావిడ సణుగుడు, కుర్చీ ఈడ్చిన చప్పుడు. ఆవిడ ఏదో గొణుగుతుంది, ఖళ్ళుఖళ్ళున దగ్గుతుంది. కాసేపాగి మళ్ళీ గొణుగుతుంది, మళ్ళీ దగ్గుతుంది. ఒకచోట గ్లాసు పడి భళ్ళున పగిలింది. పిల్ల అయ్యో అన్నట్టుగా ఏదో అంది. పెద్దావిడ, పోతే పోయిందిలే అన్నట్టు మెత్తగా "మాలేష్, మాలేష్" అంది. వినలేక నేనే ఆ పిల్లకి ఫోన్ చేసి, కాలేజీలో ఖాళీ గది చూసుకుని శుభ్రంగా ఇంకోటి చేసి పంపమన్నాను. పంపింది. మంచి నీళ్ళలా ఉంది.

వదిన మాటలు నేర్చుకున్నది ఆ శుభ్రమైన దాంట్లోంచే. అయినా గందరగోళపు రికార్డును వదల్లేదు. కూర తరుగుతూ అదే వింటుంది.

"ఆ గోలేమిటి వదినా? మంచిది ఉండగా?"

"మంచి దాంట్లో మనవరాలే ఉంది. నేను చెయ్యి పట్టుకోబోయేది ముసలావిడది," అంది. నాకు తలా తోకా అర్థం కాలేదు. చాదస్తం అనుకున్నాను.

మంగళవారం పరీక్షలో పెద్దావిడ కదలకుండా పడుకుంది. వదిన "బొస్సీ అన్నూర్" అనగానే కన్ను టార్చి వైపు తిరిగి అక్కడే నిలిచింది. డాక్టరుగారు తల ఊపారు.

ఆపరేషన్ రోజు పొద్దున థియేటర్లో ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు. గుడ్డ కప్పగానే పెద్దావిడ వదిన చెయ్యి పట్టుకుంది. పట్టుకోవడం కాదు, పీకేస్తున్నట్టు పట్టుకుంది. గోళ్ళు దిగడం నాకు కనబడుతూనే ఉంది. దగ్గొస్తే చెయ్యి నొక్కాలన్నది కదా మా పద్ధతి? మొదటినుంచీ ప్రాణం పోతున్నట్టు నొక్కుతున్న మనిషి, దగ్గొచ్చినప్పుడు నొక్కిందని ఎలా తెలుస్తుంది? వదినకి కూడా అదే తట్టినట్టుంది, నా వైపు ఒకసారి చూసింది. కానీ అప్పటికే డాక్టరుగారు గాటు పెట్టేశారు.

మొన లోపలికి వెళ్ళింది. గుడ్డ కింద నుంచి సన్నగా గొణుగుడు మొదలైంది.

"ఏమంటోంది?" అన్నారు డాక్టరుగారు కళ్ళు ఎత్తకుండా.

"దేవుణ్ణి తలుచుకుంటోంది సార్. కానివ్వండి."

గొణుగుడు ఆగడం లేదు. అది ప్రార్థనో, తిట్టో, నొప్పో నాకు తెలిస్తే ఒట్టు. నా చేతిలోని పళ్ళెం పొట్టకి ఆనించుకున్నాను. శుక్లం ముక్కలవుతోంది. అన్నిటికన్నా ప్రమాదం అక్కడే, దాని వెనక పొర ఉల్లిపొర కన్నా పలచన. ఇంకో కంట్లో చిరిగింది ఆ పొరే. గొణుగుడు అలాగే సాగుతోంది, అదే స్థాయిలో, అదే గొంతులో.

"సార్, తియ్యండి," అంది వదిన.

డాక్టరుగారు చేతులు ఆపారు. "ఎందుకు?"

"దగ్గొస్తోంది సార్. బయటికి తియ్యండి!"

ఆయన మొన బయటికి లాగారు. లాగారో లేదో పెద్దావిడ ఒళ్ళంతా ఎగిరిపడేలా దగ్గింది. బల్ల కదిలింది. పైన దీపం కూడా ఊగిందనిపించింది. ఒకటి కాదు, తెర తర్వాత తెర. ఆ మొన లోపలే ఉండి ఉంటే ఈ కన్ను కూడా పోయేదే.

దగ్గు సద్దుమణిగింది. వదిన వంగి, గుడ్డ అంచు దగ్గర నోరు పెట్టి, పసిపిల్లకి చెప్పినట్టు "బొస్సీ అన్నూర్" అంది. కన్ను నెమ్మదిగా దీపం వైపు తిరిగింది. కొత్త లెన్సు లోపలికి జారింది. వదిన "ఖలాస్" అంది.

చేతులు కడుక్కునే దగ్గర పట్టుకుని అడిగాను. "నీకెలా తెలిసింది వదినా?"

"ఆ రికార్డులో ప్రతి దగ్గుకీ ముందు ఆవిడ ఒకటే మాట గొణుగుతుంది. దగ్గొస్తోందని మనవరాలికి చెప్పుకోవడం. నువ్వు గోల అన్నావే, అందులోనే ఉంది," అంది. ఎత్తిపొడవలేదు. అదే నాకు ఇంకా గట్టిగా తగిలింది.

మర్నాడు కట్టు విప్పారు. పెద్దావిడ కన్ను చికిలించి, తెరిచి, ముందు మనవరాలిని చూసింది. ఆ పిల్ల చెంపలు తడిమింది. తర్వాత మా అందరినీ ఒక్కొక్కరినే చూసింది. చెయ్యి పట్టుకున్నదెవరో ఆవిడకి మొహం తెలియదు కదా. వదినే ముందుకొచ్చి చెయ్యి చాపింది. చీకట్లో పట్టుకున్న చేతిని పెద్దావిడ వెంటనే పోల్చుకుంది. దాన్ని కంటి దగ్గరికి తెచ్చుకుంది. అరచేతి వెనక నాలుగు గోళ్ళ గాట్లు నల్లగా కమిలిపోయి ఉన్నాయి. ఆవిడ చాలాసేపు వాటినే చూసింది. తన వేళ్ళు ఒక్కొక్కటీ ఒక్కో గాటు మీద ఆనించి చూసుకుంది. సరిగ్గా సరిపోయాయి.

ఏదో అంది. నేను మనవరాలి వైపు చూశాను. నాయనమ్మ ఏడుస్తోంది, కాబట్టి ఆ పిల్ల కూడా ఏడుస్తోంది. తెలుగులో చెప్పే స్థితిలో లేదు.

వదినకి చెప్పాల్సిన పని కూడా లేకపోయింది. రెండో చేత్తో ఆవిడ కన్నీళ్ళు కొత్త కంటికి తగలకుండా తుడుస్తూ, ఎవరూ నేర్పని మాట అంది.

"మాలేష్," అంది. "మాలేష్."