ఎడమచేతి మడత వేసిన వల

దగ్గరికి జరిగి కూర్చోండి. చేతిలో పని ఉంటే చేసుకుంటూనే వినండి, చెవి మాత్రం ఇటు పెట్టండి.

నేను దయ్యాలను నమ్మే మనిషిని కాదు. ఖాజాగూడ దగ్గర ఒక ఆఫీసులో ఊడ్చి తుడిచే పని నాది. ఖాళీ అంతస్తులో లిఫ్టు దానంతట అదే తెరుచుకుంటే నా తోటివాళ్లు దండం పెట్టేవాళ్లు. నేను బకెట్ లోపల పెట్టి ఎక్కేసేదాన్ని. ఆ బుద్ధితోనే ఇది కూడా చెబుతున్నాను.

మాది నర్సంపేట పక్క, చెరువుల మధ్య ఊరు. చేపలు పట్టే ఇల్లు. అమ్మ పోయాక తమ్ముడు ఎల్లేశ్‌ను నేనే పెంచాను. వాడిది ఎడమచేతి వాటం. మాలో విసురు వల మడత చూస్తే అది ఎవరి చేతి పనో తెలిసిపోతుంది. కుడిచేతివాళ్లు మడిస్తే అంచున ఉండే సీసం గుండ్లు ఒక పక్కకు వస్తాయి, ఎడమచేతివాళ్లు మడిస్తే రెండో పక్కకు. తాడు చుట్టు కూడా తిరగబడుతుంది. ఇంకో ముచ్చట కూడా గుర్తుంచుకోండి. కొత్త కార్తెలో పడ్డ మొదటి చేప గంగమ్మది. దాన్ని నీళ్లలో వదిలేయాలి. రెండోదే మనది.

ఎల్లేశ్ ఇక్కడికి, పట్నానికి సెంట్రింగ్ పనికి వచ్చి, తడి చెక్క మీద కాలు జారి పడ్డాడు. తొడ ఎముక విరిగింది. రాడ్డు వేశారు గాని కుట్లు చీము పట్టాయి. తిండి తింటేనే పుండు మానుతుందని డాక్టరు చెప్పాడు. వాడేమో గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇడ్లీ పెట్టినా, పాలు పెట్టినా పళ్లు బిగించేవాడు.

“నన్నిట్లనే ఇడ్సిపెట్టక్కా. ఇగ నాతోని కాదు,” అన్నాడు.

ఒక సాయంత్రం మా ఆయన సాయిలు సెక్యూరిటీ డ్యూటీ దిగి, ఆ బట్టల మీదే దవాఖానకు వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. ఏమనుకున్నాడో ఏమో, “మిరుగం వస్తున్నది బామ్మర్దీ. చెరువు మీదికి పోదామా?” అన్నాడు. మృగశిర కార్తె మొదటి రోజున మా పక్క చేప తినని ఇల్లుండదు.

వాడు ఇటు తిరిగాడు. “నువ్వు వలేస్తే కప్పలు సుత నవ్వుతయి బావా.”

ఆ నోరు మూసుకునేలోపు చెంచాడు గంజి పోశాను. మింగాడు.

ఇక రోజూ అదే పని. ఏ బస్సుకు పోదాం, కారం ఇంటి నుంచే కట్టుకుందామా, తూము దగ్గర వేద్దామా, కట్ట కింద వేద్దామా అని బావా బామ్మర్దులు పోట్లాడుకునేవాళ్లు. నేను మాటకొక చెంచా పెట్టేదాన్ని. లేచి కూర్చోలేని మనిషి చెరువుకు ఎట్లా పోతాడు? అది మా ఇద్దరికీ తెలుసు. వేరే దారి లేక ఉత్త మాటలతో తమ్ముడిని బతికించుకుంటున్నాం.

“అన్నీ అవద్దాలే మీయి. వల తెచ్చి సూపెట్టు,” అన్నాడు ఒకరోజు.

సాయిలు అటక మీది వల దించి, చినిగినచోట కుట్టి, మడిచి తెచ్చాడు. వార్డులో నర్సు అడ్డం వచ్చింది. “ఏందయ్యా ఇది, ఈడ దోమలు పడతవా?” అంది. అందరం నవ్వాం. ఎల్లేశ్ మాత్రం నవ్వలేదు. గుండ్లు తడిమి చూసి, “ఇది నీ మడత బావా. నాకు పనికిరాదు,” అని కళ్లు మూసుకున్నాడు. సాయిలు ఆ వలను అట్లాగే తెచ్చి లింగంపల్లిలో మా కిరాయి గదిలో మేకుకు తగిలించాడు.

మిరుగం ముందు రోజు జ్వరం కాసింది. మనిషికి తెలివి లేదు. గంజి పోస్తే పెదవి పక్క నుంచి కారిపోయింది. డాక్టరు సాయిలును పక్కకు పిలిచి, ఇప్పుడేమీ చెప్పలేమన్నాడు. ఇద్దరం అక్కడే కూర్చున్నాం. నేను గంగమ్మకు మొక్కలేదు. మొక్కే ఓపిక కూడా లేదు. వాడి కాళ్లు పట్టుకుని అట్లాగే ఉన్నాను.

తెల్లవారాక సాయిలును ఉంచి, గంజి కాచుకురావడానికి ఇంటికి వచ్చాను. తాళం తీసింది నేనే. తాళంచెవి రాత్రంతా నా కొంగుకే ఉంది.

వల మేకుకే ఉంది. దాని కింద నీళ్లు మడుగు కట్టాయి. పైన స్లాబు, ఎక్కడా కురవదు. పక్క దండెం మీద బట్టలు పొడిగా ఉన్నాయి. గుండ్ల మధ్య పచ్చి నాచు ఉంది. ఖాజాగూడ చెరువు వాసన నాకు తెలుసు, రోజూ దాని పక్క నుంచే పోతాను. ఇది ఆ వాసన కాదు. తుంగ, బురద కలిసిన మా ఊరి నీటి వాసన. గుండ్లు రెండో పక్కకు ఉన్నాయి. తాడు తిరగబడి చుట్టి ఉంది.

గంజి కాచానో లేదో గుర్తులేదు. ఆటో పట్టుకుని దవాఖానకు ఉరికాను. పోతున్నంతసేపూ ఒకటే భయం. ఆశ తీర్చుకుని పోయాడేమో అని.

ఎల్లేశ్ కళ్లు తెరిచి ఉన్నాడు. ఒంటికి చెమట పట్టింది. నన్ను చూసి, “ఆకలైతుందక్కా,” అన్నాడు. మళ్లీ, “తూము కాడ ఒక్కటే పడ్డది. ఇడ్సిపెట్టిన,” అన్నాడు.

వాడి ఎడమ ముంజేతి మీద ఎర్రగా తాడు ఒరిసిన గీత ఉంది. మాలో విసిరే చేతికే తాడు కడతారు. సూది గుచ్చింది కుడి చేతికి. ఎడమ చేతికి ఎవరైనా ఏమైనా కట్టారా అని నర్సును అడిగితే లేదంది. సాయిలు ఆ మంచం వదిలి లేవనే లేదు.

ఆ రోజు నుంచి తిన్నాడు. పుండు మానుముఖం పట్టింది. తరువాత అడిగితే, “జరంల ఏం వాగిన్నో అక్కా, నాకేం యాదికి లేదు,” అన్నాడు. వల సంగతి నేను వాడికి చెప్పలేదు. ఇంటికొచ్చి వలను చూసిన సాయిలు కూడా చెప్పలేదు. ఎందుకో భయమేసింది.

కర్ర పట్టుకుని నిలబడగలిగాక, ఆ కార్తె ఆఖరి రోజున ఊరికి తీసుకుపోయాం. కర్ర పక్కన పెట్టి, తూము గోడకు ఆనుకుని వల విసిరాడు. మొదటి విసురుకే కొర్రమీను పడింది. సాయిలు దాన్ని నీళ్లలో వదలబోయాడు.

ఎల్లేశ్ చెయ్యి పట్టి ఆపాడు. “మొదటిది అప్పుడే ఇడ్సిపెట్టిన కద బావా. ఇది మనది,” అని బుట్టలో వేశాడు.

సాయిలు నా ముఖం చూశాడు, నేను సాయిలు ముఖం చూశాను. కూర వండాను, తిన్నాం. ఇప్పటికీ ఇది నా లెక్కకు అందలేదు.

మీ ఇంటి నుంచి బయటికి పోయినవాళ్లు ఎంత దూరం పోయినా తిరిగి మీ గడపే తొక్కాలి. వాళ్లు వచ్చేసరికి మీ పొయ్యి మీద కూర వేడిగా ఉండాలి. చల్లగా ఉండండి.